చాదరు కొనడానికి వచ్చే సిస్టరమ్మ

ఈ సంగతి నేను రాసిపెట్టకపోతే చెప్పేవాళ్లు ఇక మిగలరు. మొన్న బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా ఇంటి ముందు ఆరోగ్య కార్యకర్తగా వచ్చిన ఒక పిల్ల నిలబడి, నా దగ్గు ఎన్నాళ్ల నుంచో నలుగురూ వినేట్టు అడుగుతుంటే, నా చెయ్యి దానంతటదే తలుపు వెనక మడతపెట్టిన చాదరు మీదికి పోయింది. ఆ పిల్లకు అర్థం కాలేదు.

నా చిన్నతనంలో మేము ఇదే ఊళ్లో కొంతం చౌక్ వెనక మగ్గాల సందులో ఉండేవాళ్లం. నాన్న మరమగ్గం మీద కప్పుకునే చాదర్లు నేసేవాడు, అమ్మ గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. అమ్మకు క్షయ అని తేలినప్పుడు మా ఇంట్లో ముందు ఆలోచించింది మందు గురించి కాదు, పక్కింటి గోడ గురించి. అమ్మకు దగ్గు తెర రాగానే నాన్న మగ్గం స్విచ్ వేసేవాడు, ఆ చప్పుడులో దగ్గు మునిగిపోయేది. సూది వేయడానికి దవాఖాన నుంచి వచ్చే సిస్టరమ్మను తెల్లచీర కట్టుకుని రావద్దని అమ్మ బతిమాలింది. ఎవరడిగినా చాదర్లు కొనే గిరాకి అని చెప్పి, వెళ్లేటప్పుడు కొనుక్కున్నట్టుగా ఆమె చంకలో ఒక చాదరు పెట్టి పంపేవాళ్లం, మళ్లీ వచ్చేటప్పుడు ఆమె దాన్నే సంచిలో దాచి తెచ్చేది. గ్రంథాలయంలో కూర్చుని ఆ జబ్బు నయమవుతుందనీ, అందులో సిగ్గుపడేది లేదనీ చదివి వచ్చిన నేనే ఆ చాదరు మడతపెట్టి అందించేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ ఉండగానే కరెంటు పోయింది. సందులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అమ్మ నోట్లో కొంగు కుక్కుకున్నా దగ్గు ఆగలేదు. ఆ నిశ్శబ్దంలో గోడకు అవతలి నుంచి ఇంకో దగ్గు వినిపించింది. కాసేపటికి పక్కింటి అత్త గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంది వదినా, మీ ఇంట్ల ఈ గిరాకి చాదర్లు కొంటదా? మా ఇంట్ల తువ్వాళ్లు కొంటది."

"ఎప్పటిసంది?" అంది అమ్మ.

"దసరా సంది. మా ఆయనకే."

"చలో, ఇగ నేను దుకాన్ పెట్టుకుంట," అంది సిస్టరమ్మ.

అమ్మ నవ్వి, వెంటనే తల దించుకుంది. కరెంటు రాగానే నాన్న మళ్లీ స్విచ్ వేశాడు. అమ్మ కోలుకునేదాకా ఆ చాదరు వస్తూ పోతూనే ఉంది.

ఇప్పుడా సందులో మగ్గాలు చాలావరకు లేవు, దగ్గును దాచే చప్పుడూ లేదు. మొన్న చాదరు వదిలేసి ఆ పిల్లను లోపలికి పిలిచాను, ముందుగా పేరు అడిగాను. ఇలాంటి రాత చివర మేలు చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకోవాలి. అమ్మకూ నాన్నకూ పక్కింటి అత్తకూ దండం పెడుతున్నాను. సిస్టరమ్మ పేరు మాత్రం రాయలేను. మా ఇంట్లో ఆమెను గిరాకి అనే అన్నాం, పేరు ఎవరమూ అడగలేదు.