బల్ల కింద బకెట్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో విజయవాడలో ఒక మ్యూజియంలో వాన నీటి మీద ప్రదర్శన పెడితే చూడటానికి వెళ్లాను. బల్ల మీద రేకుతో చేసిన డాబా ఇల్లు ఉంది. స్విచ్ వేస్తే పైనుంచి వాన కురుస్తుంది. ఆ నీళ్లు గొట్టంలోంచి దిగి, కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంతలో మాయమైపోతాయి. జనం ముచ్చటపడి చూస్తున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. బల్ల మీద నీళ్లు ఎక్కడికి ఇంకుతాయి? ఎవరి చెవిలో పూలు పెడదామని?

బల్లకు కట్టిన గుడ్డ ఎత్తి, వంగి చూశాను. అనుకున్నట్టే కింద బకెట్ ఉంది.

"ఇంకింది ఎక్కడండీ? బకెట్లోకి పోతుంటే!" అని అక్కడున్న ఉద్యోగినిని నిలదీశాను.

ఆవిడ తడబడలేదు. "ఇది బొమ్మే కదండీ. ఆ నీళ్లే మళ్లీ పైన పోస్తామండీ. మీ ఇంట్లో అసలు గుంత ఉందాండీ?"

"ఎందుకు లేదండీ, ఉంది" అన్నాను.

పూర్తిగా అబద్ధమేం కాదు, ఒక్క పూట ఉంది. ఇల్లు కట్టేటప్పుడు, ప్లాను పాసవ్వాలంటే గుంత చూపించాలన్నారు. తవ్వించి, కంకర పోయించి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. ఆ సాయంత్రమే పూడ్పించేశాను. కంకర మా పోర్టికో శ్లాబులో కలిసిపోయింది. మా డాబా మీది వాన ఇప్పటికీ రోడ్డు మీదికే పోతుంది.

వాళ్ల దగ్గర కనీసం బకెట్టయినా ఉంది.