ఏడుపులో లేని పేరు

ఆ నెల ‘ఇంటిపేరు’ పత్రిక చేతికి రాగానే భూషణం గురూజీ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

నాలుగు పేజీల పత్రిక. కిరండూల్ గని కాలనీలో ఉండే సత్యమూర్తి, బస్తర్ తెలుగు వంశావళి సంఘం పేరున రెండు నెలలకోసారి వేస్తాడు. ఏ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరికి ముత్తాత పేరు దొరికింది, జగదల్‌పూర్‌లో పాత రికార్డుల నకళ్ళు ఎలా తీసుకోవాలి, ఏ బడిలో పిల్లల్ని చేర్చుకున్న పాత దాఖలా రిజిస్టర్లు చెదపురుగుల పాలు కాకుండా మిగిలాయి, అన్నీ అందులో ఉంటాయి. ఈసారి మొదటి పేజీ నిండా సోమక్క ఫొటో. నాట్లకు పోయే సోమక్క. వేలిముద్ర సోమక్క. కింద లావు అక్షరాలతో ‘ఇరవై ఊళ్ళ పేర్లు నోట ఉన్న తల్లి’ అని.

గురూజీ సంగతి నాలుగో పేజీలో, చివరి మూలన ఉంది. ‘కోంటా దగ్గర భూషణం గారి వద్ద కూడా ఒక పుస్తకం కలదు.’ ఆ ‘కూడా’ దగ్గర ఆయనకు గుండె ఆగినంత పనైంది.

ఆ పుస్తకం అంటే మాటలా! ఆశ్రమ బడిలో ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు హిందీలో పాఠాలు చెప్పి, మిగిలిన బతుకంతా ఆ ఎర్ర అట్ట పుస్తకంలోనే పోశాడాయన. రెండు వందల పన్నెండు కుటుంబాలు. ఈ వైపు ఎవరికి జాతి పత్రం, అంటే కులం సర్టిఫికెట్, కావాలన్నా తహసీల్ ఆఫీసులో వంశావళి అడుగుతారు. తాతముత్తాతల నుంచి వరస రాసివ్వాలి. ఆ వరస మిసల్‌తో, అంటే వెనకటి భూమి కొలతలనాటి రికార్డుతో, కలవాలి. ఆ వరస రాసివ్వగలిగినవాడు శబరి ఒడ్డున గురూజీ ఒక్కడే. తెల్లారేసరికి ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చోవడం, ఆయన కావాలనే కాసేపు ఆగి బయటికి రావడం, అదీ ఆయన వైభవం.

అయితే పుస్తకం ఎలా నిండిందో కూడా చెప్పుకోవాలి. ఈ ఊళ్ళల్లో మనిషి పోతే, శోకాలు తీసే ఆడది ఊరికే ఏడవదు. పోయినవాడికి ఎదురు రమ్మని వాళ్ళ తండ్రిని, తాతను, తాత తండ్రిని పేరుపేరునా పిలుస్తుంది. అలా పిలవడంలో సోమక్కను మించిన మనిషి లేదు. గురూజీ ఆడవాళ్ళ వెనక గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో చిన్న నోటుబుక్కు దాచుకుని రాసుకునేవాడు. ముప్పై ఏళ్ళు రాసుకున్నాడు. ఎవరైనా అడిగితే, వచ్చినవాళ్ళ పేర్లు రాస్తున్నానని బొంకేవాడు. ఇంటికొచ్చి అవన్నీ పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాడు. మొదటి పేజీలో, అన్నిటికంటే పైన, ‘సేకరణ: భూషణం, ప్రధానోపాధ్యాయుడు’ అని గుండ్రంగా రాసుకున్నాడు.

పైగా సోమక్క రాగాన్ని వెక్కిరించేవాడు. మిగతా ఆడవాళ్ళు ఊపిరి తిప్పుకోకుండా ఏడిస్తే, ఈమె ఒక్కో పేరు దగ్గర ఆగి, ముక్కు చీది, అదే పేరు ఇంకోసారి అని, అప్పుడు ముందుకు పోయేది. దీనికంటే గతుకుల్లో ఎడ్లబండి నయం అనేవాడు భార్యతో.

ఇప్పుడా ఎడ్లబండి మొదటి పేజీ ఎక్కింది. “సొమ్మొకడిది, సోకొకడిది!” అని పత్రిక విసిరికొట్టాడు. భార్య తాయారమ్మ దాన్ని తీసి మడత విప్పి, ఫొటో చూసి, “నిజమే గదా” అంది. ఎవరిని అన్నదో ఆయనకు తెలియక కాదు. తెలిసే అన్నం సగంలో లేచాడు.

సరిగ్గా ఆ గురువారమే వీరేందర్ వచ్చాడు, రోడ్డు పనికి పోయే మనిషి. కూతురు నవీనకు జగదల్‌పూర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం సాయంత్రంలోపు జాతి పత్రం ఇవ్వకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. గురూజీ రాసిచ్చిన వంశావళి పట్టుకుపోతే తహసీల్‌లో తిప్పి పంపారు. కాగితంలో వీరేందర్ తండ్రి జోగ, జోగ తండ్రి సన్న, సన్న తండ్రి గంగా. మిసల్‌లో చూస్తే భూమి ‘గంగా కొడుకు మంగు’ పేరున ఉంది. ఆ మంగు మీకేమవుతాడని అడిగారు. వీరేందర్‌కు తెలియదు.

“సోమక్కను అడుగుత గురూజీ. పేపర్ల గూడ పడ్డది గదా.”

ఆ మాట సూటిగా పుండు మీద పడింది. “ఏడ్చేటోళ్ళ మాట తహసీల్ల నడుస్తదా? నా పాత నోటుబుక్కులున్నయి. నేను తీస్త. రేపు రా.”

రేపు వచ్చింది, పోయింది. నోటుబుక్కులన్నీ తిరగేశాడు. మంగు లేడు. లేడని మొదటి రోజే తెలుసు. నిజం చెప్పాలంటే, మంగు దొరక్కపోయినా సరే, సోమక్క దగ్గర మాత్రం దొరక్కుండా ఉంటే చాలని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మళ్ళీ మొదటి నోటుబుక్కు తెరిచాడు.

శనివారం పొద్దున నవీన ఒక్కతే వచ్చింది. ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లే. అరుగు మీద కూర్చోలేదు.

“గురూజీ, మీ దగ్గర లేకుంటే లేదని చెప్పుండ్రి. వేరే దగ్గర అడుక్కుంట.”

గురూజీ గొడుగు తీసుకుని లేచాడు. “లేదు బిడ్డా. నేనే పోయి అడుగుత” అన్నాడు.

ఊరి పొలిమేర అవతల మడిలో సోమక్క నాటు వేస్తోంది. గురూజీ చెప్పులు గట్టున విడిచి, పంచె ఎగగట్టి బురదలో దిగడం చూసి నడుము ఎత్తింది.

“ఏంది గురూజీ? ఎవరు పోయిండ్రు?”

చావింట్లో తప్ప ఈ మనిషి ముఖం తను ఎన్నడూ చూడలేదని ఆయనకు అప్పుడు తట్టింది.

“ఎవరూ పోలే. ఒక పేరు కావాలె. వీరేందరోళ్ళ మంగు.”

సోమక్క ఊరివైపు ఒకసారి చూసింది. “పొలిమేర దాటినం గదా, ఇక్కడ చెప్పొచ్చు. మంగు గంగా కొడుకు, సన్నకు అయ్య. పులి పట్టింది. పులి పట్టినోన్ని, ఏట్ల కొట్టుకపోయినోన్ని చావింట్ల పిలవం. పిలిస్తే వస్తడు. వచ్చి ఇంకోన్ని తీస్కపోతడు.”

గురూజీకి రెండు వందల పన్నెండు కుటుంబాలూ కళ్ళముందు గిర్రున తిరిగాయి. కోపం వచ్చింది.

“ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. ఇట్ల వదిలిన పేర్లున్నయని ఒక్కసారన్న చెప్పకపోతివి!”

“నువ్వెన్నడన్న అడిగినవా? నేను ఏడుస్తుంటె రాస్కున్నవ్. లేచి పోయినవ్.”

“నేను రాస్కునేది... నీకు తెలుసా?”

“తెల్వకేంది? వెనక కలం గీకుడు ఇనబడేది. నీ చెయ్యి అందుకోవాల్నని పేరు పేరుకు ఆగేదాన్ని. అందిందో లేదోనని రెండుసార్లు అనేదాన్ని. నాకు రాసుడు రాదాయె. నీ బుక్కుల ఉంటె ఉంటయి గదా అని.”

ముప్పై ఏళ్ళు చావు ఇళ్ళల్లో తడవని గురూజీ కళ్ళు ఆ మడిలో తడిశాయి.

“ఊకో. చచ్చినోళ్ళెవరూ లేరు ఈడ” అంది సోమక్క. “అసుంటోళ్ళు ఇంక తొమ్మిదిమంది ఉన్నరు. కాయితం తెచ్చినవా?”

తెచ్చాడు. అక్కడే గట్టు మీద కూర్చుని రాసుకున్నాడు. ఆమె ఒంగి నాటు వేస్తూ ఒక్కో పేరూ రెండేసి సార్లు చెప్పింది.

ఆదివారం పంచాయతీ కూర్చుంది. మంగు పేరు చేర్చిన వంశావళి మీద సాక్షిగా ముందు సోమక్క వేలిముద్ర, దాని కింద గురూజీ సంతకం పడ్డాయి. సోమవారం మధ్యాహ్నానికి తాత్కాలిక పత్రం చేతికొచ్చింది. నవీన సీటు నిలిచింది.

గురూజీ కుళ్ళు మాత్రం ఒక్కరోజులో పోయేది కాదు. తర్వాతి ‘ఇంటిపేరు’లో సత్యమూర్తి ఇద్దరి ఫొటోలూ వేస్తే, ఎవరిది పెద్దదో వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు. సోమక్కదే పెద్దది. కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, మొదటి పేజీలో తన పేరుకు పైన ఇంకొక పేరు రాద్దామని చూశాడు. చోటు లేదు. అంత అంచుకెక్కించి రాసుకున్నాడు మరి. తాయారమ్మను మెతుకులు అడిగి, తన పేరు మీద తెల్లకాగితం ముక్క అతికించి, ఆరేదాకా ఆగి రాశాడు.

‘ఏడ్చింది సోమక్క. రాసుకున్నది భూషణం.’