పదమూడో పేరు

ఆ ఏడాది మా దీవి హైస్కూల్లో ఫిజిక్స్ తీసుకున్నవాళ్లు పదమూడు మంది. పన్నెండు మందే అయ్యుంటే నాకిప్పుడు ఈ సంగతి చెప్పుకునే ఖర్మ ఉండేది కాదు.

మా దగ్గర మార్కులకు విలువ లేదు, వరసకే విలువ. నూటికి నలుగురికే మొదటి శ్రేణి. పదమూడు మందిలో నాలుగు శాతం అంటే అర మనిషికి పైచిలుకు. అర దాటింది కాబట్టి ఒకరికి ఇస్తారు. పన్నెండు మందైతే అరకు కాస్త తగ్గుతుంది, అప్పుడు ఎవరికీ లేదు. టర్ము చివర ఎంతమంది మిగిలితే అంతమందినే లెక్కేస్తారు. మధ్యలో ఒక్కరు వెళ్లిపోయినా, నూటికి నూరు తెచ్చుకున్నవాడు కూడా రెండో శ్రేణితో సరిపెట్టుకోవాల్సిందే. అందుకే ఆఖరున ఉండే పిల్లల్ని మావాళ్లు 'నేల పరిచేవాళ్లు' అంటారు. ఎంత మర్యాదస్థులమో చూడండి.

మా నేల పేరు ప్యో సోరామ్. వాళ్ల నాన్న పడవ మీద సముద్రపు గుల్లల బుట్టలు పైకి లాగుతాడు. నాయనమ్మ ఒడ్డున షెడ్డులో కూర్చుని ఆ గుల్లలు ఒలుస్తుంది. నలుగురు మోసే బుట్టని కప్పీ పెట్టి నాన్న ఒక్కడే ఎలా లేపుతున్నాడో తెలుసుకోవాలని ఆ పిల్ల ఫిజిక్స్ తీసుకుంది. అలాంటి కారణంతో ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లు పదమూడు మందిలో ఇంకొకరు లేరు. మొదటి పరీక్షలో పదిహేడు మార్కులొచ్చాయి. సముద్రం అవతల మొక్‌పో పట్నంలో, వంట నేర్పే స్కూల్లో ఒక సీటు ఖాళీగా ఉందని, జూన్ పదిహేను లోపల చేరిపోతానని క్లాసు టీచరుతో చెప్పేసింది.

ఆ మాట సాయంత్రానికల్లా హ్యోనూ వాళ్లమ్మ చెవిన పడింది. హ్యోనూ తరగతిలో మొదటివాడు. మా ఫ్లాటు ముందు గదిలో నేను చెప్పే ట్యూషన్‌కి దీపం వాడే. ఆవిడ స్ట్రాబెర్రీల పెట్టె పట్టుకుని వచ్చి, చెప్పులు విప్పకముందే విషయానికొచ్చింది.

"టీచర్ గారూ, ఆ పిల్ల హోంవర్క్ కాస్త చూసిపెట్టండి. మానకుండా ఉంటే చాలు."

నేర్పమంటారా అని అడిగాను.

"నేర్పడం ఎందుకండీ. రోజు గడిపేస్తే చాలు. మరీ హుషారొచ్చి పైకెక్కిందనుకోండి, ఇంకెవరో కిందపడి వాళ్లు మానేస్తామంటారు."

ఆవిడను తప్పుపట్టి నేను మంచిదాన్ని అనిపించుకోలేను. హ్యోనూకి మెడికల్ కాలేజీ వస్తే మా బాల్కనీ కింద వాడి పేరుతో బ్యానర్ కట్టొచ్చు. బ్యానర్ కడితే మరుసటేడు పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. తల్లి కొడుకు కోసం అడిగింది. నేను ఒక గుడ్డముక్క కోసం ఒప్పుకున్నాను.

సోరామ్ వారానికి మూడు సాయంత్రాలు వచ్చేది. వాలు బల్ల మీద చెక్కముక్క, తాడుకు వేలాడే బరువు, అవే లెక్కలు. నేను చకచకా చేసి ఇచ్చేదాన్ని, తను ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకునేది. మధ్యలో పెన్సిల్ ఆపి, ఈ బాణం కిందికే ఎందుకు గీశారని అడిగేది. ముందు రాసెయ్యి, తర్వాత చెబుతాననేదాన్ని. ఆ తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదు.

స్కూల్లోనూ అందరికీ ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకరు నోట్సు జిరాక్స్ తీసిచ్చారు. ఇంకొకరు క్యాంటీన్‌లో రొట్టె కొనిపెట్టారు. హ్యోనూ అయితే బడి వదిలాక అందర్నీ బండి మీద కారం తోక్‌పోక్కీ తినడానికి తీసుకెళ్తూ తననీ పిలిచాడు. పుట్టి బుద్ధెరిగాక తననెవరూ అలా పిలవలేదట. మర్నాడు నాకా సంగతి చెబుతుంటే ఆ మొహం చూడలేక లెక్క చూస్తున్నట్టు తల దించుకున్నాను.

ఒక్కరోజు మాత్రం తప్పు చేశాను. బోరున వాన, మిగతా పిల్లలెవరూ రాలేదు. తను కప్పీ లెక్క తెరిచి, సగం బరువు నాన్న లాగితే మిగతా సగం ఎక్కడికి పోతుందని అడిగింది. నాకూ పొద్దు గడవక, బట్టలారేసే తాడూ బకెట్టూ తెచ్చి, తాడు ఒక కొస బాల్కనీ పైకప్పు కొక్కేనికి కట్టి, రెండో కొస బకెట్టు పిడి కిందుగా దూర్చి తన చేతికిచ్చాను. ఒకసారి లాగింది, రెండుసార్లు లాగింది. ఇంకాసేపు ఆ తాడు వంకే చూసింది.

"మిగతా సగం కొక్కెం మోస్తోంది కదా టీచర్."

అవునన్నాను.

"పాపం కొక్కెం," అంది నవ్వుతూ.

తర్వాతి నాలుగు లెక్కలూ నా సాయం లేకుండా చేసింది. గంటలో. ఆ గంట నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం, భయం వేసింది. మర్నాటి నుంచి మళ్లీ నేనే చేసి ఇవ్వడం మొదలుపెట్టాను.

జూన్ పద్నాలుగున దరఖాస్తు కాగితం తీసుకుని వచ్చింది. నాన్న సంతకం అయిపోయింది, తారీఖు ఒక్కటే ఖాళీ. చాప మీద మోకాళ్లు మడిచి కూర్చుని అడిగింది.

"నిజం చెప్పండి టీచర్. నాకిది వస్తుందా? రాదంటే రేపే మొక్‌పో వెళ్లిపోతాను."

వస్తుంది, నేర్పితే. నిజమదే. కానీ నేర్పే ఉద్దేశం నాకు లేదు, అదీ నిజమే. మొదటి సగం మాత్రం చెప్పాను. వస్తుంది, ఉండిపో అన్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. మొక్‌పో సీటు వేరే ఎవరికో వెళ్లింది.

జూలై పరీక్షలో కప్పీ లెక్క ఒకటి వచ్చింది. అది చేసింది. మిగతావి ఎక్కువభాగం ఖాళీగా వదిలింది. హ్యోనూకి మొదటి శ్రేణి వచ్చింది, సోరామ్‌కి పదమూడో స్థానం. హ్యోనూ వాళ్లమ్మ ఈసారి పుచ్చకాయ తెచ్చింది. ఫిజిక్స్ ఆ ఒక్క టర్మే కాబట్టి సెలవులయ్యాక అది లేదు, సోరామ్‌తో పనీ లేదు. రొట్టె కొనిపెట్టినవాళ్లు క్యాంటీన్‌లో మొహం తిప్పుకున్నారట. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మాత్రం, నువ్వు పోతే మేం మునిగేవాళ్లమని నవ్వుతూ చెప్పేసిందట. ఏరు దాటాక బోడి మల్లన్న అని ఊరికే అనలేదు.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం సోరామ్ వచ్చి తలుపు తట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి నోట్‌బుక్ తెరిచి చూపించింది. అవే ముత్యాల్లాంటి అక్షరాలు. పదమూడు మందిలో నూటికి నాలుగు వంతులు, అర దాటింది, ఒకరు. పన్నెండు మందిలో నూటికి నాలుగు వంతులు, అర దాటలేదు, ఎవరూ లేరు. కింద రెండు గీతలు.

"సరిగ్గా చేశానా టీచర్?"

సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చింది. మా దగ్గర ఒప్పైన లెక్కకు చుట్టూ గుండ్రం గీస్తారు. ఆ పిల్ల పుస్తకంలో నేను గీసిన గుండ్రాలన్నీ నా లెక్కలకే. గుండ్రం గీశాను.

తను పుస్తకం మూసి, ఎప్పటిలాగే నడుం వంచి దణ్ణం పెట్టింది.

"అయితే నాకిది వచ్చన్నమాట," అని మెట్లు దిగి, నాయనమ్మ షెడ్డు వైపు వెళ్లిపోయింది.