దిబ్బ అవతలి దారి

మా ఇంటి ఎదురుగా ఉన్న పార్కులో ఈ రోజు పొద్దున్నే గడ్డి కోశారు. కిటికీ తెరవగానే పచ్చిగడ్డి వాసన గదిలోకి వచ్చింది. చాలామందికి అది హాయినిచ్చే వాసన. నాకు మాత్రం అరచేతులు చెమరుస్తాయి, భుజాలు బిగుసుకుంటాయి. ఎనిమిదేళ్లయినా ఆ వాసన నన్ను సముద్రం ఒడ్డునున్న గోల్ఫు మైదానంలోకి, అక్కడి నాలుగో గుంట దగ్గరికి తీసుకుపోతుంది. దాని వెంటే జయరాజు గారు గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది.

జయరాజు గారు మా ఆఫీసులో డ్రాయింగు విభాగానికి పెద్ద. ఓడరేవుకు వెళ్లే రోడ్లకు, కల్వర్టులకు మేం ప్లాన్లు గీసేవాళ్లం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, ఆయన రిటైరయ్యే వయసుకు దగ్గరపడ్డారు. నేను గీసింది బల్ల మీద పరిచి ఒకటే అడిగేవారు. “సైటుకు పోయి చూసినావా శారదమ్మా?” చూశానంటే సంతకం పెట్టేసేవారు. రెండో ప్రశ్న ఉండేది కాదు. మిగతా పెద్దలు పది ప్రశ్నలు వేసి, అప్పటికీ నమ్మేవాళ్లు కాదు. అందుకే ఆయన అడిగే ఆ ఒక్క ప్రశ్నకే నాకు ఎక్కువ భయం.

గోల్ఫు నాకు నేర్పింది ఆయనే. నెల్లూరు పక్కనున్న వెంకటాచలం నుంచి తూర్పుగా పోయి సరుగుడు తోపులు దాటితే ఆ మైదానం వచ్చేది. టికెట్టు తీసుకుంటే ఎవరైనా ఆడొచ్చు, కర్రలు అద్దెకిచ్చేవాళ్లు. ఆయన ఆ మైదానం కమిటీలో సభ్యులు. “పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటే నడుం పట్టేస్తది. శనివారం రా, నడిచినట్టుంటది” అని ఒకసారి పిలిచారు. నడవడానికని వెళ్లి ఆటలో పడ్డాను.

అక్కడ నాలుగో గుంట దగ్గర చిక్కుంది. బంతి కొట్టే చోటుకూ గుంటలో పాతిన జెండాకూ మధ్య పెద్ద ఇసుక దిబ్బ అడ్డం. దిబ్బ అవతల ఒక కాలిదారి. మైదానం రాకముందు నుంచీ ఉన్న దారి అది. ఒడ్డున ఉన్న పల్లె ఆడవాళ్లు చేపల గంపలతో ఆ దారినే నడిచి రోడ్డెక్కేవాళ్లు. అందుకని జయరాజు గారు ప్రతిసారీ ఆ దిబ్బ కొసదాకా ఎక్కి, అటూ ఇటూ చూసి, చెయ్యెత్తితేనే నేను కొట్టేదాన్ని. ఆయన దిగొచ్చాక తన బంతి కొట్టేముందు మళ్లీ ఎక్కేవారు. నాకది చాదస్తంగా అనిపించేది.

ఆ శనివారం ఆయన మోకాలు వాచి ఉంది. మొదటి మూడు గుంటల్లో నేనే ముందున్నాను. ఆయన కంటే అలా ముందుండటం అదే మొదటిసారి. మా వెనక ఇద్దరు తమ వంతు కోసం నిలబడి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. “మోకాలు రానీయట్లేదమ్మా. నువ్వు పోయి చూసిరా” అన్నారు ఆయన. సగం దాకా ఎక్కాను. ఇసుక కాళ్ల కింద జారిపోతోంది. అక్కడినుంచి జెండా కొస మాత్రమే కనిపించింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపి, “ఎవరూ లేరు సార్” అన్నాను. దిగొచ్చి కొట్టాను. అంత బాగా నేనెప్పుడూ కొట్టలేదు. బంతి దిబ్బ మీదుగా నేరుగా దాటిపోయింది. “భలే” అని జయరాజు గారు అంటుండగానే అవతల ఆడవాళ్ల కేకలు వినిపించాయి.

వాచిన మోకాలితోనే ఆయన నాకంటే ముందు అక్కడికి చేరారు. నలభై ఏళ్ల మనిషి ఇసుకలో కూలబడి ఉంది. కుడికంటి మీద అదిమిన వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. గంప బోర్లాపడి చేపలన్నీ చెదిరిపోయాయి. ఆమె పేరు పోలమ్మ. పక్కనున్న తోడికోడలు ఆమెను పొదివి పట్టుకుని మా వైపు చూసింది. “మనుషులు నడిచే దారని తెలీదా మీకు?”

జయరాజు గారు రుమాలు మడిచి పోలమ్మ కంటికి కడుతూ అన్నారు. “ఈ అమ్మాయి దిబ్బెక్కి చూసింది తల్లీ. నేనే పంపించినా. అప్పుడు దారిలో ఎవురూ లేరు. హామీ నాది.”

నోరు తెరవాల్సిన క్షణం అదే. నేను వంగి చేపలు ఏరి గంపలో వేయడం మొదలుపెట్టాను.

ఆయన కారులోనే నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆపరేషను చేశారు. తర్వాత వారం రోజులూ నేను ఆఫీసుకు పోయాను, అన్నం తిన్నాను, అడిగినవాళ్లకు జవాబు చెప్పాను. ఆయన హామీ మాత్రం చెవుల్లోంచి పోలేదు. శుక్రవారం మైదానం కార్యదర్శి ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. నేను దిబ్బెక్కి చూశానని, గట్టిగా కేక వేశానని, ఆమె వినకుండా అడ్డం వచ్చిందని అందులో ఉంది. “మీరు సంతకం పెడితే చాలు. జయరాజు గారు సాక్షి. దీంతో ఆ దారికి కంచె వేయించేస్తాం, పీడా పోతుంది” అన్నాడు.

శనివారం సాయంత్రం ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. జయరాజు గారు వరండాలో బెంచీ మీద ఉన్నారు. ఆ కంటికి ఇక చూపు రాదని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడట. నేను కూర్చోలేదు.

“సార్, ఆ రోజు నేను పైదాకా ఎక్కలేదు.”

ఆయన నా వైపు చూడలేదు. లోపల ఎవరో దగ్గుతున్నారు. మోకాలు నిమురుకుంటూ అడిగారు. “ఎందాకా ఎక్కినావు?”

“సగం దాకా.”

“చెయ్యి ఊపినావు గదా.”

“ఊపాను సార్.”

నా చేతిలోని కాగితం తీసుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. “వాళ్లకు నేను మాటిచ్చినా. ఇప్పుడు నాదీ అబద్ధమే అయింది. రేపు ఇద్దరం పోయి దిద్దుకుందాం.”

మర్నాడు ఆదివారం. నాకు తెలిసి ఆయన చర్చికి పోని ఆదివారం అదొక్కటే. పల్లెలో తాటాకు పందిరి కింద పది పన్నెండు మంది మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. పోలమ్మ భర్త వెంకటేశు వాళ్లలో ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. దిబ్బ సగమే ఎక్కాను, దారి చూడలేదు, కేక కూడా వేయలేదు అన్నాను. వలల మీద చేతులన్నీ ఆగిపోయాయి. వెంకటేశు లేచి నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. జయరాజు గారు నా ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు. పక్కనే నిలబడ్డారు.

“మా దారి మూయించేదానికి కాయితం రాసినారంట గదా” అన్నాడు వెంకటేశు.

జయరాజు గారు జేబులోంచి ఆ కాగితం తీశారు. దాని వెనక, జరిగిన నిజం ఆయన చేత్తో రాసి ఉంది. కింద ఆయన సంతకం. పెన్ను నాకిచ్చారు. నేనూ పెట్టాను. “ఇది నీ దగ్గరుంచుకో అన్నా. ఎవురికైనా చూపించు. పోలీసులకైనా సరే” అన్నారు.

వెంకటేశు దాన్ని చేతిలో పట్టుకుని అడిగాడు. “ఇప్పుడిది చెపితే ఆమెకు కన్నొస్తదా?”

కాగితం మడిచి మొలలో దోపుకున్నాడు. “పోండి ఇంక” అన్నాడు.

ఇసుకలో తిరిగి నడుస్తున్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆమెను కలిసి క్షమించమని అడుగుతానన్నాను. ఆయన ఆగారు. “అడగొద్దు. కన్ను పోయిన మనిషికి నిన్ను ఓదార్చే పని కూడా పెట్టొద్దు. వైద్యానికి చెయ్యాల్సింది మనం చేస్తాం. ఆమె రమ్మన్నప్పుడు పో. రమ్మనకపోతే అదీ ఆమె ఇష్టమే.”

ఆ కాగితంతో కంచె మాట ఆగిపోయింది. నాలుగో గుంటను దారికి దూరంగా మార్చారు. జయరాజు గారిని కమిటీ నుంచి తప్పుకోమన్నారు. ముప్పై ఏళ్ల స్నేహితులు కొందరు ఆయనతో మాట్లాడటం మానేశారు. ఆ సంగతి ఆయన నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు మాత్రం సోమవారం వచ్చిందంటే భయం వేసేది, ఈ రోజైనా తిడతారేమోనని. ఒక సోమవారం నేను గీసిన కల్వర్టు ప్లాను బల్ల మీద పరిచారు. “సైటుకు పోయి చూసినావా?”

“చూశాను సార్.”

సంతకం పెట్టేశారు. నాకే పట్టలేక అడిగాను, నన్నెలా నమ్ముతున్నారని.

“నమ్మనోడినైతే అడగను గదమ్మా” అని ప్లాను చుట్టి నా చేతికిచ్చారు.

ఏడాది దాటాక పోలమ్మ కబురు పెట్టింది. కంటి డాక్టరు దగ్గరికి తోడు రావాలట. ఆస్పత్రికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మొహమంతా నా వైపు తిప్పి వెతుక్కుంది. “ఇట్టా ఎడమ పక్కకు రామ్మా. ఆ పక్క నాకు అగపడదు.” లేచి చుట్టూ తిరిగి వెళ్లి అటు కూర్చున్నాను. ఆ తర్వాత చాలాసార్లు పిలిచింది, చాలాసార్లు వెళ్లాను. క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు.

జయరాజు గారిని సమాధి చేసిన రోజు పోలమ్మ వచ్చింది. జనం వెనక ఒక్కతే నిలబడి ఉంది. నేను చుట్టూ తిరిగి వెళ్లి ఆమెకు ఎడమ పక్కన నిలబడ్డాను. ఆమె తల తిప్పకుండానే నా చెయ్యి పట్టుకుంది. మట్టి వేయడం పూర్తయ్యేదాకా అలాగే ఉన్నాం.