దీపాలు పెట్టాక సిరంజి

హీరోయిన్ ఫ్లాస్కులో నీళ్లు దొంగతనంగా తాగేసిన రోజున, నా ఒంట్లో ఏదో తేడా చేసిందని మొదటిసారి అనుమానం వచ్చింది.

అది ఎంత పెద్ద నేరమో సినిమావాళ్లకు తెలుసు. నేను హెయిర్ డ్రెస్సర్‌ని. జడలు వేయడం, సవరాలు పెట్టడం, పూలు తురమడం నా పని. ఎనభైల చివర్లో మద్రాసు నుంచి యూనిట్లు ఒక్కొక్కటే హైదరాబాదు వస్తుంటే, మా ఆయనా నేనూ కూడా మూటా ముల్లే సర్దుకుని వచ్చి షేక్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆ రోజు ఫిల్మ్ నగర్ పక్కన బండల మీద పాట తీస్తున్నారు. నేను తెచ్చుకున్న నీళ్లు టిఫిన్ వేళకే అయిపోయాయి. ప్రొడక్షన్ వాళ్లు ఇచ్చినవీ అయిపోయాయి. నాలుక పిడచగట్టుకుపోతోంది. ఎవరూ చూడకుండా ఆ ఫ్లాస్కు ఎత్తి గటగటా తాగేశాను. మూత బిగించేలోపే మళ్లీ దాహం.

తాగితే ఊరుకుంటుందా? ఆ బండల మీద ఆడవాళ్లకు చాటెక్కడిది? షాటు షాటుకీ పరుగెత్తడమే. "సుగుణ ఎక్కడ, సుగుణ ఎక్కడ" అని మైకులో అరిచేవాళ్లు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పైగా చిక్కిపోతున్నాను. ఇంకెక్కడైనా అయితే "అయ్యో, ఏమైందమ్మా" అంటారు. మా దగ్గర అలా కాదు. "ఏం తింటున్నావే, ఆ రహస్యమేదో మాకూ చెప్పు" అని హీరోయిన్ వాళ్లమ్మగారు కూడా అడిగారు. నేనేమో మురిసిపోయి, వదులైన జాకెట్లకు కుట్లు వేసుకుంటూ కూర్చున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

చివరికి మా ఆయనే చెయ్యి పట్టుకుని శ్రీనగర్ కాలనీలో ఒక లేడీ డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్లారు. యూరిన్ టెస్టు నా కళ్ల ముందే చేశారు. నీలం రంగు మందులో చుక్కలు వేసి కాచితే అది ఇటుక రంగులోకి తిరిగింది. బ్లడ్ షుగర్ రిపోర్టు చూసి ఆవిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"షుగర్ చాలా హైగా ఉంది. ఎసిటోన్ కూడా వచ్చింది. ఇది మాత్రలతో అయ్యేది కాదు. ఇన్సులిన్ తీసుకోవాలి."

"నాకు షుగరేంటండీ? ముప్ఫై కూడా నిండలేదు. మా తాతకే లేదు!"

"మీ తాతగారితో పని లేదు. ఇది ఇన్సులిన్ డిపెండెంట్ టైపు. పొద్దున, సాయంత్రం, భోజనానికి ముందు ఇంజెక్షన్."

"ఎన్నాళ్లండీ?"

"అన్నం ఎన్నాళ్లు తింటావు?"

"బతికున్నన్నాళ్లూ తింటాను కదండీ."

"ఇదీ అంతే."

ఆవిడ మాట అంత కటువు. కానీ చెయ్యి మెత్తన. బత్తాయి మీద పొడిపించి నేర్పించింది ఆవిడే. గాజు సిరంజి, స్టీలు నీడిలు ఇచ్చి, రోజూ మరిగే నీళ్లలో ఉడకబెట్టమన్నారు. మాకు ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసాని తడిగుడ్డలో చుట్టి, నీళ్లు పోసిన మట్టి మూకుట్లో పెట్టుకునేదాన్ని. మొదటిసారి తొడలో గుచ్చుకున్నప్పుడు మా ఆయన వీధిలోకి వెళ్లి నిలబడ్డారు, చూడలేక. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నెల తిరిగేసరికి దాహం తగ్గింది. జాకెట్ల కుట్లు విప్పుకున్నాను. బతికి బట్టకట్టాను అనుకున్నాను.

అప్పుడు మొదలైంది అసలు తంటా. ఒకరోజు హెయిర్‌పిన్ను కోసం హీరోయిన్ వాళ్లమ్మగారు నా సంచీలో చెయ్యి పెట్టి, సిరంజి డబ్బా బయటకు తీశారు.

"ఇదేంటి సుగుణా? నువ్వు కూడా అలవాటు చేసుకున్నావా?"

ఆ రోజుల్లో సూది అంటే మత్తుమందు అనే భయం మా పరిశ్రమలో బాగా ఉండేది. నేను చెప్పబోయేంతలో ఆవిడ డబ్బా మూసి సంచీలో పడేసి, "పోలీసులకు తెలిస్తే మా షూటింగ్ ఆగిపోతుంది తల్లీ" అని వెళ్లిపోయారు. షుగర్ ఉందని చెప్పొచ్చుగా అంటారా? చెబితే మాత్రం? "రోగిష్టిది" అని పక్కన పెడితే మా ఇల్లెలా గడుస్తుంది? నోరు మూసుకున్నాను. అప్పటి నుంచి బాత్రూములో తలుపేసుకుని గుచ్చుకునేదాన్ని.

అలా తలుపేసుకున్న ఒక సాయంత్రమే గాజు సిరంజి చేతిలోంచి జారి గచ్చు మీద పడి ముక్కలైపోయింది. మా ఆయన అప్పుడు వేరే యూనిట్‌తో అరకు వెళ్లి ఉన్నారు. ప్యాకప్ కాగానే ఫిల్మ్ నగర్ మలుపులో ఉన్న మందుల షాపుకి పరుగెత్తాను. షాపాయన పేరు యాదగిరి. ఇక్కడివాడే, మంచి మనిషి. అప్పుడే లక్ష్మీదేవి పటం ముందు దీపం వెలిగించి, అగరుబత్తి తిప్పుతున్నాడు.

"అన్నా, ఒక సిరంజి ఇవ్వు."

అగరుబత్తి ఆగిపోయింది. "చీటి ఉన్నదా?"

డాక్టరుగారి చీటీ చూపించాను. చదివి తిరిగి ఇచ్చేశాడు. "గిండ్ల ఇన్సులిన్ అని రాసిన్రు. సిరంజి అని యాడ రాసిన్రమ్మా? చీటి లేకుంట ఇయ్యరాదు. రేపు పొద్దుగాల రా."

జూబ్లీహిల్స్ రోడ్డు మీద ఇంకో షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "సినిమావాళ్లా? చీటీ లేకుండా ఇస్తే మా లైసెన్స్ పోతుందండీ" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ నేను సంచీలో పెట్టుకు తిరిగింది దొంగ సరుకన్నమాట! ఆవిడ పోలీసులని ఊరికే అనలేదన్నమాట!

మర్నాడు షాపులు తెరవకముందే షూటింగు. సాయంత్రం వచ్చేసరికి యాదగిరి షాపులో మళ్లీ దీపం, మళ్లీ అదే మాట. డాక్టరుగారి దగ్గరికెళ్లి రాయించుకుందామంటే, పగలగొట్టుకున్నానని తిడతారని భయం. ఇంకో ఒకటి రెండు పూటలు మానితే ఏమవుతుందిలే, మా ఆయన వచ్చాక చూసుకుందాం అని అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకున్నాను.

ఏమవుతుందో ఆ పైరోజు తెలిసింది. జడ అల్లుతూ అల్లుతూ ఉండగా చేతుల్లో పాయలు మూడు ఆరుగా కనిపించాయి. వాంతులు. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. ఎవరో "నోట్లోంచి మురిగిన పండు వాసన వస్తోంది" అన్నారు. ఆ తర్వాత కారు సీటు గుర్తుంది. నా తల హీరోయిన్ వాళ్లమ్మగారి ఒళ్లో ఉంది. ఆవిడ ఆంజనేయ దండకం తప్పులతో చదువుతున్నారు.

ఆస్పత్రిలో "కీటో ఎసిడోసిస్" అన్నారు, ఇన్సులిన్ అందక రక్తమే విషంగా మారడమట. రెండు చేతులకూ డ్రిప్పు. కాస్త కళ్లు తెరిచాక మా డాక్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"ఇంజెక్షన్ ఎందుకు మానేశావు?"

"సిరంజి పగిలిపోయిందండీ. చీటీ లేకుండా కొనడం చట్టం ఒప్పుకోదటగా..."

"ఎవరన్నారు?"

"షాపువాళ్లు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఇన్సులిన్‌కి చీటీ అడిగితే అడగనీ. సిరంజికి చీటీ కావాలని ఏ చట్టంలోనూ లేదు. ఎవరైనా వెళ్లి కొనుక్కోవచ్చు. సూది దాచుకుంటే నేరం కాదమ్మా, సూది లేక నువ్వు చచ్చిపోతే అది నేరం. అర్థమైందా?"

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. ఇంత చిన్న మాట ఒక్కరు ముందే చెబితే ఏం పోయింది! తలుపు దగ్గర నిలబడి ఉన్న హీరోయిన్ వాళ్లమ్మగారు ముక్కు చీదుకుంటూ లోపలికి వచ్చారు. "ఏమే మొద్దూ, షుగరని చెప్పి చావొచ్చుగా! మా నాన్నకీ ఉండేది" అన్నారు. అదే ఆవిడ క్షమాపణ. నేను డిశ్చార్జి అయ్యేదాకా నా పనిలో ఇంకొకరిని పెట్టనివ్వలేదు. తనే కూతురికి జడ వేశారట. ఆ సీన్లలో జడ ఎలా ఉందో నన్నడక్కండి.

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని యాదగిరి షాపుకి వెళ్లడం. పట్టపగలు, మా ఆయన్ని వెంటేసుకుని, కొట్లాటకు సిద్ధమై వెళ్లాను. డాక్టరుగారు చెప్పిందంతా కడిగి పారేసినట్టు చెప్పాను. యాదగిరి అంతా విని తల గోక్కున్నాడు.

"కానూన్ నాకు ఎర్కనేనమ్మా. చీటి అక్కర్లేదు."

"మరి నన్నెందుకు అడిగావు?"

"దీపం వెట్టినంక సూది అమ్ముతరా తల్లీ? లచ్చిమి ఎల్లిపోతది. గా ముచ్చట మొఖం మీద చెప్తే బాగుండదని చీటి అడుగుత. అందరు మర్లిపోతరు."

తిడదామని వచ్చినదాన్ని, ఏమని తిట్టను? దీపాలు పెట్టాక మా అమ్మ సూదీ ఇచ్చేది కాదు, ఉప్పూ ఇచ్చేది కాదు. మా పరిశ్రమలో అయితే ముహూర్తం రోజున పిల్లి ఎదురొస్తే కెమెరా తిప్పరు. మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "ఆ పట్టింపు బట్టలు కుట్టే సూదికయ్యా బాబూ! దీని ప్రాణం పోయేది!" అని అరిచారు.

"పానం మీదికొస్తదని నాకేం ఎర్క సారూ. తప్పయింది. గని సూది సూదేనాయె" అన్నాడు యాదగిరి దీనంగా.

అప్పుడు నాకు తట్టింది. "సరే అన్నా. పొద్దున్నే నాకు అమ్మెయ్. నీ దగ్గరే ఉంచు. నాకు కావాల్సినప్పుడు, ఏ వేళైనా వచ్చి పట్టుకెళ్తాను. అమ్మకం పొద్దునే అయిపోయిందిగా!"

అతను పటం వంక చూశాడు, నా వంక చూశాడు. ముఖం వెలిగిపోయింది. "గట్లయితే లచ్చిమికి ఫికర్ లేదు!" అని ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఖాళీ చేసి నా సిరంజిలకు కేటాయించాడు. ఈలోగా వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజిలు వచ్చేశాయి, ఉడకబెట్టే బాధ తప్పింది. ప్యాకప్ అయ్యాక దీపం వెలుగుతుండగానే వెళ్లి, డబ్బాలోంచి నేనే తీసుకునేదాన్ని. చేతికి ఇచ్చేవాడు కాదు, అదొకటి.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం నేను షాపులో ఉండగా బోరబండ నుంచి ఒకావిడ ఆటో దిగి పరుగున వచ్చింది. చంకలో ఆరేడేళ్ల పిల్ల, మెడ వాల్చేసి ఉంది.

"అన్నా, జర సిరంజి ఇయ్యి. సీసా ఉన్నది, పొద్దుగాల్నుంచి పిల్లకు ఇన్సులిన్ ఇయ్యలే. యాడ అడిగినా చీటి అంటున్రు."

దీపం వెలుగుతోంది. యాదగిరి నోరు తెరిచాడు. చీటీ అనే మాటే వస్తుందని నాకు తెలుసు. నా డబ్బాలోంచి ఒక సిరంజి తీసి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాను. "తీసుకోమ్మా. ఇది పొద్దునే అమ్ముడుపోయింది" అన్నాను. ఆవిడకేం అర్థం కాలేదు, నాకు దండం పెట్టి అక్కడే బెంచీ మీద కూర్చుని పిల్లకు ఇంజెక్షన్ ఇచ్చి ఆస్పత్రికి వెళ్లింది. యాదగిరి దీపం వైపు తిరిగి వత్తి ఎగదోశాడు.

మర్నాడు వెళ్తే డబ్బా నిండా సిరంజిలున్నాయి. నావి కావు.

"ఇవెవరివి అన్నా?"

"ఎవరొస్తే వాళ్లయి. పొద్దుగాల దుకాన్ తెరవంగనే నేనే కొనుక్కున్న."

ఇది జరిగి ఏళ్లయింది. షుగర్ నన్ను వదల్లేదు, నేనూ దాన్ని గెలిచానని గొప్పలు చెప్పను. కానీ కళ్లు బాగున్నాయి, కాళ్లు బాగున్నాయి, కిడ్నీలు బాగున్నాయని డాక్టరుగారు ప్రతి చెకప్‌లోనూ తిడుతూనే చెబుతారు. ఇప్పుడు మేకప్ రూములోనే అందరి ముందూ కూర్చుని ఇంజెక్షన్ చేసుకుంటాను. కొత్తవాళ్లు వింతగా చూస్తే, "షుగరమ్మా, ఇదిగో చూడు" అంటాను. అంతే, ఎవరి పని వాళ్లు చూసుకుంటారు.

ఇన్సులిన్ వాడే మీ అందరికీ నా మాట ఒక్కటే. సిరంజి కొనడానికి చీటీ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే తలొంచుకుని వెనక్కి రాకండి. "ఎందుకు అడుగుతున్నారు?" అని ఎదురు అడగండి. నేను ఆ ఒక్క మాట అడగలేక చావు గడప దాకా వెళ్లాను. అడిగాక తెలిసింది, అవతల నన్ను ఆపింది చట్టం కాదు, నాలాంటి ఇంకో భయస్థుడేనని.