బోర్లించిన పాలగిన్నె

మైలవరం బస్సులో ఆ రోజు బిల్డర్‌తో ఫోన్లో గొడవపడుతున్నాను. కొత్త ఫ్లాట్‌లో బాత్రూం గోడ చెమ్మ ఆరడం లేదు. ఆయనేమో, "ముందు గృహప్రవేశం కానివ్వండి మేడం, తర్వాత చేయిస్తాం" అంటాడు. శుక్రవారమే ముహూర్తం. పాలు పొంగించడానికి కొన్న ఇత్తడి గిన్నె నా ఒళ్ళో ఉంది.

పక్కసీటు పెద్దావిడ అంతా విన్నది.

"మేమూ అలాగే పొంగించామమ్మా. తర్వాత లిఫ్ట్ సంగతి అడిగితే, 'పాలు పొంగించుకున్నారుగా, ఇల్లు నచ్చినట్టేగా' అన్నాడు. ఇప్పటికీ నాలుగంతస్తులు ఎక్కుతున్నా."

"అందరినీ పిలిచేశామండీ," అన్నాను.

ఆవిడ గిన్నె తీసి నా ఒళ్ళోనే బోర్లించి, గొల్లపూడిలో దిగిపోయింది.

శుక్రవారం ముహూర్తం ఆపేశాం. ఇప్పుడు బిల్డరే ఫోన్ చేస్తున్నాడు, ముహూర్తం ఎప్పుడని. ప్రతిసారీ వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించి చూస్తాను. అద్దె ఇంట్లో గిన్నె ఇంకా బోర్లించే ఉంది.