చాచా గిటారు, నానమ్మ జాజు

నా చిన్నప్పుడు ములకలపల్లిలో మా పక్కింట్లో ఒక చాచా ఉండేవాడు. సికింద్రాబాద్‌లో ఏదో హోటల్లో గిటారు వాయించి, ఆ కొలువు పోయాక ఊరికొచ్చి సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఒక్కడే వాయించుకునేవాడు. పాడేవాళ్లు లేరు, తబలా లేదు. అది జాజ్ అనే పరదేశపు సంగీతమట. మా నానమ్మకు గోడలకు పూసే ఎర్ర జాజు తప్ప మరో జాజు తెలియదు. "గోడకు పూసేది గిటార్లకెట్ల వచ్చింది అయ్యా?" అని నోరు తెరిచింది. చాచా పడీపడీ నవ్వి, "అవ్ అమ్మా, గదే. పాట జాజు పూసిన గోడ. దాని మీద ముగ్గు, ఆ పొద్దు చెయ్యి ఎట్ల పోతే అట్ల" అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒకే పాటను రోజుకో తీరుగా వాయిస్తే నేనెట్లా నేర్చుకునేది? నిన్నటిలాగే వాయించమని వేధించేదాన్ని.

ఆ వానాకాలం చాచా కూతురికి మలేరియా తలకెక్కింది. నా ఈడు పిల్ల. వాళ్లమ్మ జీపులో ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయింది. జీపులో చోటు చాలక, వెనకాలే బస్సులో వస్తానని చాచా ఆగాడు. ఇంతలో వాగు పొంగి బస్సులు నిలిచిపోయాయి. పిల్ల బతికుందో లేదో చెప్పే దిక్కు లేదు.

ఆ సాయంత్రం కూడా అరుగు మీద గిటారు మోగింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "బిడ్డ చావుబతుకుల్ల ఉంటే గీ పాటలేంది?" అని ఎదురింటి పెద్దమ్మ గట్టిగానే అంది. నానమ్మ మాత్రం పోయి ఆయన పక్కన కూర్చుంది. కొంగు పట్టుకుని నేనూ కూర్చున్నాను.

కూతురికి ఇష్టమైన పాటే అది, ఎప్పుడూ గెంతులేసే పాట. ఆ రోజు దానికి అడుగు పడలేదు. కొంచెం మోగించి ఆగేవాడు. ఆగినచోట వాన చప్పుడే వినిపించేది. మళ్లీ మొదటికొచ్చి, అక్కడే తడబడి, ఒకే తీగను వేలితో లాగి లాగి, అది సన్నగా వణికేదాకా వదిలేవాడు కాదు. తప్పు వాయిస్తున్నాడని చెప్పబోయాను. నానమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఊకో బిడ్డా. పాపం ఏడుస్తుండు. ఇను" అంది.

అప్పుడు విన్నాను. విని భయపడ్డాను. పెద్దవాళ్లలో అంత భయం ఉంటుందని అంతవరకు నాకు తెలియదు.

వాగు తగ్గాక చాచా ఖమ్మం వెళ్లాడు. పిల్ల బతికి వచ్చింది కానీ రెండు చెవులూ పోయాయి. ఆ తర్వాత చాలా రోజులు ఆయన గిటారు ముట్టలేదు. చివరికి ఆ పిల్లే దాన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, అదురు తెలిసేలా గిటారు పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. చాచా వాయించడం మొదలుపెట్టాడు. ఆయన ఆగిన ప్రతిచోటా పిల్ల ఉలిక్కిపడి గిటారును తట్టేది. అది గమనించాక, ఆ చెయ్యి గిటారు మీద ఉన్నంతసేపు ఆయన ఎక్కడా ఆగలేదు.

ఈ వయసులో కూడా, ఎవరైనా ఒక్కరే కూర్చుని గిటారు వాయిస్తుంటే నేను దాటిపోలేను. ఎంత పనున్నా వెళ్లి పక్కన కూర్చుంటాను.